గండిపేట గేట్లు ఎందుకెత్తుతారు?

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ఆ మధ్య వానాకాలంలో ఒకనాటి పొద్దున మాట. మా వీధిలో రెండు రోజులుగా నల్లా రాలేదు. నేనూ, మా మేడమీది వదినగారూ బిందెలు, బకెట్లు గుమ్మంలో పేర్చుకుని ట్యాంకరు కోసం ఎదురుచూస్తున్నాం. వదినగారి చేతిలో ఆనాటి పేపరుంది. మొదటి పేజీలోనే పెద్ద ఫొటో. గండిపేట గేట్లెత్తారు, నీళ్ళు తెల్లగా నురుగులు కక్కుతూ మూసీలోకి దూకుతున్నాయి. ఆవిడ ఆ ఫొటో వంక ఒకసారి, ఖాళీ బిందె వంక ఒకసారి చూసి, "ఇదేం చోద్యమండీ వదినగారూ! ఇక్కడ గుక్కెడు నీళ్ళకి మనకీ కటకట. అక్కడ నిండిన చెరువుని తలుపులు తీసి మరీ ఏటిపాలు చేస్తున్నారు. కాస్త దాచిపెడితే ఏం పోయింది?" అన్నారు.

నాకు చప్పున జవాబు తోచలేదు. ఆవిడ అడిగినదాంట్లో న్యాయం ఉందనే అనిపించింది. బియ్యం డబ్బా నిండిందని మిగిలిన బియ్యం వీధిలో పోసుకునే ఇల్లాలు ఉంటుందా? తర్వాత ఆ పుస్తకం, ఈ పుస్తకం తిరగేసి, తెలిసినవాళ్ళని అడిగి తెలుసుకున్నాక, ఆ ప్రశ్నకి జవాబు గేట్ల దగ్గర లేదనీ, వందేళ్ళకి పైబడిన ఒక రాత్రిలో ఉందనీ అర్థమైంది. అది మీతో చెప్పుకుందామనే ఇవాళ ఇలా వచ్చాను.

"గండిపేట నీళ్ళు తాగినవాళ్ళు హైదరాబాదు వదిలి వెళ్ళలేరు" అనే మాట మీరూ వినే ఉంటారు. పెళ్ళయి ఈ ఊరొచ్చిన మనలో చాలామందికి అత్తవారింట్లో మొదట చెప్పే మాటల్లో అదొకటి. కానీ ఆ గండిపేట చెరువు మనకి మంచినీళ్ళివ్వడం కోసం మొదలు పెట్టింది కాదంటే నమ్ముతారా? నేనూ మొదట నమ్మలేదు.

అంతకుముందు ఈ ఊరివాళ్ళు ఏ నీళ్ళు తాగేవారు? ఇంటింటికీ బావులుండేవి. అవికాక హుస్సేన్‌సాగర్ ఉంది. అది 1562లో, ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో, హుస్సేన్ షా వలీ కట్టించిన చెరువు. ఆయన పేరే దానికి నిలిచింది. ఆ తర్వాత 19వ శతాబ్దం తొలి ఏళ్ళలో దివాను మీర్ ఆలం పేరిట మీర్ ఆలం చెరువు వచ్చింది. దాని కట్ట చూడముచ్చటగా ఉంటుంది. తిన్నగా ఉండదు, విల్లుల్లా వంగిన 21 కమానులు పక్కపక్కన నిలబెట్టినట్టుంటుంది. ఈ చెరువుల నీళ్ళూ, బావుల నీళ్ళూ ఊరికి సరిపోయేవి. ఊరి మధ్యనుంచి పారే మూసీని ఎవరూ శత్రువుగా చూసేవారు కాదు. వికారాబాదు దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టే చిన్న నది అది. ఎండాకాలంలో సన్నని పాయ. లంగర్‌హౌస్ దగ్గర దాని చెల్లెలు ఈసీ వచ్చి కలుస్తుంది.

అలాంటి మూసీ 1908 సెప్టెంబరు 28న ఊరిని ముంచేసింది. అంతకుముందు నుంచీ ఎడతెరిపి లేని వాన. శంషాబాదులో 24 గంటల్లో పన్నెండు అంగుళాల పైన, రెండు రోజుల్లో దగ్గర దగ్గర పందొమ్మిది అంగుళాలు పడిందని లెక్క. అఫ్జల్‌గంజ్‌లో నీరు పదకొండు అడుగుల ఎత్తున నిలిచింది. అంటే మన ఇంటి కప్పుదాకా అన్నమాట. సుమారు పదిహేను వేలమంది పోయారని, ఎనభై వేల ఇళ్ళు దెబ్బతిన్నాయని సాధారణంగా చెప్పే లెక్క. ప్రసిద్ధ ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లినీ, భార్యనీ, కూతుర్నీ ఆ వరదలోనే పోగొట్టుకున్నారు. ఒక్క మనిషికి, ఒక్క రోజులో, మూడు దిక్కులూ పోయాయి. ఇప్పుడు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆసుపత్రికి ఎప్పుడైనా వెళితే ఆ చెట్టు చూడండి. పిల్లలుంటే వాళ్ళకి చూపించండి.

అప్పటి నిజాం మహబూబ్ అలీఖాన్ తన దేవిడీ తలుపులు తెరిపించి నిలువనీడ లేనివాళ్ళకి చోటిచ్చాడు. నదికి హారతిచ్చి, చీరా ముత్యాలూ సమర్పించి, శాంతించమ్మా అని వేడుకున్నాడని పాతబస్తీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అది సరే, మళ్ళీ ఇలాంటిది రాకుండా ఉండాలంటే హారతి చాలదు గదా. అందుకని 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు. అప్పటికి ఆయన బొంబాయి ప్రభుత్వ కొలువు విడిచారు. ఇంకా మైసూరు దివాను కాలేదు.

విశ్వేశ్వరయ్యగారు వచ్చి ఊళ్ళో కూలిన ఇళ్ళు చూసి ఊరుకోలేదు. నీళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చాయో అక్కడికి వెళ్ళి లెక్కలు తీశారు. అక్కచెల్లెళ్ళారా, ఈ సంగతి మీరు కాస్త గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ దీని దగ్గరికే వస్తాం. ఊరికి పైన మూసీ, ఈసీలకి నీళ్ళు దిగే నేల సుమారు 860 చదరపు మైళ్ళు. అందులో 788 చెరువులున్నాయి. దాదాపు మైలుకో చెరువు! మన పూర్వులు తవ్వుకున్న గొలుసు చెరువులవి. పై చెరువు నిండితే అలుగు పారి కింది చెరువులోకి, అది నిండితే దాని కిందిదానిలోకి. మామూలు రోజుల్లో ఎంత చక్కని ఏర్పాటు! కానీ ఆ వానకి పై చెరువు కట్ట తెగింది. ఆ నీళ్ళన్నీ ఒక్కసారిగా మీదపడేసరికి కింది చెరువు తెగింది. అలా మొత్తం 221 చెరువులు తెగాయి. వాన నీటికి ఈ తెగిన చెరువుల నీళ్ళూ తోడై ఊరిమీద పడ్డాయి.

ఊరి దగ్గర ఆ వరద 4,25,000 క్యూసెక్కులని ఆనాటి అంచనా. పేపర్లో ఈ క్యూసెక్కుల మాట చూసి దాటేస్తూ ఉంటాం గానీ, అదేమంత బ్రహ్మవిద్య కాదు. ఒక క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు, అంటే 28 లీటర్ల నీళ్ళు. మన బిందెలకి రెండు బిందెలనుకోండి. కన్ను మూసి తెరిచేలోగా రెండు బిందెలు. ఇప్పుడు నాలుగు లక్షల పాతికవేల క్యూసెక్కులంటే ఎంతో ఊహించుకోండి.

విశ్వేశ్వరయ్యగారు చెప్పిన ఉపాయం చూడండి. ఊళ్ళో నది గట్లు ఎత్తు చేసి ఊరుకుంటే చాలదు. ఊరికి ఎగువనే మూసీకొక ఆనకట్ట, ఈసీకొక ఆనకట్ట కట్టి వరదని అక్కడే పట్టి ఆపాలి. ఆపిన నీటిని తర్వాత నది మోయగలిగినంత, మెల్లమెల్లగా వదలాలి. అలా గండిపేట దగ్గర మూసీ మీద కట్టిన జలాశయం 1920లో పూర్తయింది. అప్పటికి మహబూబ్ అలీఖాన్ కాలం చేసి ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ గద్దెమీద ఉన్నాడు. ఆయన పేరిట అది ఉస్మాన్‌సాగర్ అయింది. ఈసీ మీద రెండోది 1927లో పూర్తయింది. దానికి ఆయన పెద్ద కొడుకు హిమాయత్ అలీఖాన్ పేరు పెట్టి హిమాయత్‌సాగర్ అన్నారు.

అంటే ఈ రెండూ మొదట వరదకి అడ్డుకట్టలు. అంత నీరు నిలవబెట్టాక దాన్ని తాగడానికి వాడుకోకపోవడం తెలివితక్కువతనం గదా! అందుకని అవే మనకి మంచినీళ్ళ చెరువులూ అయ్యాయి. ఒకే పనిమనిషికి రెండు పనులు ఒప్పజెప్పినట్టు. అయితే ఆ రెండు పనులూ ఒకదానికొకటి ఎదురు. తాగునీటికి చెరువు నిండుగా ఉండాలి. వరదని ఆపాలంటే చెరువులో చోటు ఖాళీగా ఉండాలి.

మీకు సులువుగా చెప్పాలంటే, పాలు కాచే గిన్నె ఉందనుకోండి. అంచుదాకా పోసి పొయ్యిమీద పెడతామా? పెడితే ఏమవుతుందో మనకి చెప్పాలా? పైన నాలుగు వేళ్ళ వెలితి ఉంచుతాం. చెరువూ అంతే. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో చెరువు అంచుదాకా నిండి ఉన్నప్పుడు పైన వికారాబాదు వైపు కుండపోత వాన పడిందనుకోండి. ముందే కాస్త వదిలి చోటు చేయకపోతే వచ్చే నీరంతా ఒక్కసారిగా దిగువకి వదలాలి, లేకపోతే కట్ట మీదికి ముప్పు. ఆ పొద్దున పేపర్లో చూసింది అదన్నమాట. అవి వృథాగా పోయిన నీళ్ళు కావు. 1908 మళ్ళీ రాకుండా ఇచ్చే వెల.

ఉస్మాన్‌సాగర్‌కి 15 గేట్లు, హిమాయత్‌సాగర్‌కి 17 గేట్లు ఉన్నాయి. గండిపేట నిండు మట్టం 1790 అడుగులు, హిమాయత్‌సాగర్ నిండు మట్టం 1763.5 అడుగులు అని పేపర్లో వేస్తారు. ఆ అంకెలు చూసి అమ్మో అంత లోతా అనుకునేదాన్ని. అది లోతు కాదు. సముద్ర మట్టం నుంచి లెక్కకట్టిన ఎత్తు. మట్టం 1788 అని చూశారంటే, గిన్నెలో రెండడుగుల వెలితి ఉందని అర్థం. గండిపేట నిండితే 3.9 టి.ఎం.సి. నీళ్ళు. ఒక టి.ఎం.సి. అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, 2,800 కోట్ల లీటర్ల పైమాట.

ఇక ఆ నీళ్ళకి అంత పేరెందుకొచ్చిందంటే రెండు కారణాలు. మన ఊరి కింద ఉన్నదంతా రాయి. ఆ రాళ్ళ సందుల్లోంచి ఊరే బావి నీళ్ళు, బోరు నీళ్ళు సున్నపు లవణాల్ని వెంటబెట్టుకొస్తాయి. బోరు నీళ్ళలో కందిపప్పు ఎంతకీ ఉడకదు, సబ్బు నురగదు, కాచిన గిన్నెకి తెల్లటి చార కడుతుంది. ఇది మనకెవరూ చెప్పక్కర్లేదు. గండిపేటది నేలమీద జారి వచ్చిన వాన నీరు. రాతిలో నానింది కాదు. అందుకే పప్పు మెత్తగా ఉడుకుతుంది, టీ రుచిగా ఉంటుంది. రెండోది, గండిపేట మన పేటలకంటే ఎత్తున ఉంది. అందుకని నీళ్ళు కాలువ వెంట తమంత తామే ఆసిఫ్‌నగర్ వడపోత కేంద్రానికి దిగివస్తాయి. తోడి పోసే పని లేదు. మన అమ్మమ్మలు ఇండుపగింజ అరగదీసి బిందెలో వేస్తే మట్టి అడుక్కి చేరేది గదా, ఇక్కడ పటికతో ఆ పని చేస్తారు. తర్వాత ఇసకలోంచి వడకట్టి, క్రిములు చావడానికి క్లోరిన్ కలుపుతారు.

ఊరు పెరిగింది. ఈ రెండు చెరువులూ చాలలేదు. 1965లో మంజీర నీళ్ళొచ్చాయి, 1991లో సింగూరు, 2004లో కృష్ణ, 2015లో గోదావరి. కృష్ణ, గోదావరి నీళ్ళు వంద కిలోమీటర్లకు పైగా గొట్టాల్లో ప్రయాణం చేసి, కరెంటు మోటార్లతో మెట్టుమెట్టుగా ఎక్కి మన దగ్గరికి వస్తాయి. ఇవాళ మనం తాగేదాంట్లో ఎక్కువ భాగం అవే. దాంతో "ఇంకా గండిపేట ఎందుకు?" అనేవాళ్ళు బయల్దేరారు. 2016 వేసవిలో రెండు చెరువులూ ఎండి అడుగు కనిపించినప్పుడు ఆ మాట మరీ గట్టిగా వినిపించింది.

ఇప్పుడు హుస్సేన్‌సాగర్ సంగతి ఒకసారి తలుచుకుందాం. 1930 దాకా దాని నీళ్ళు తాగారు. ఇవాళ? బోటు షికారుకి వెళ్ళినా ముక్కుకి పైటకొంగు అడ్డం పెట్టుకుంటాం. ఏమైందంటారు? కట్ట తెగిందా? లేదే! నాలుగున్నర శతాబ్దాల కట్ట, మన ట్యాంక్‌బండ్, ఇప్పటికీ రాయిలా ఉంది. దానిమీద మనం కార్లూ బస్సులూ నడుపుతున్నాం. చెడింది కట్ట కాదు, చెరువుకి పైనున్న నేల. చెరువులోకి నీళ్ళు దిగే నేలమీద ఇళ్ళూ ఫ్యాక్టరీలూ వచ్చాయి. వాన నీళ్ళు తెచ్చే వాగులు మురికి కాలువలయ్యాయి. కూకట్‌పల్లి నాలా ఏం మోసుకొచ్చేదో ఆ పక్కన ఉన్నవాళ్ళనడగండి.

చెరువు పోవడానికి రెండు దారులున్నాయన్నమాట. కట్ట తెగితే ఒక్క రాత్రిలో పోతుంది. ఊరంతా ఏడుస్తుంది, వందేళ్ళు చెప్పుకుంటుంది. పైనున్న నేల చెడితే యాభై ఏళ్ళు పడుతుంది. ఎవరూ ఏడవరు, ఏ రోజు పోయిందో కూడా ఎవరికీ తెలియదు.

విశ్వేశ్వరయ్యగారు పైకి వెళ్ళి చెరువులు లెక్కపెట్టారని ఇందాక చెప్పాను చూడండి, దాని విలువ ఇక్కడ తెలుస్తుంది. గండిపేటకి నీళ్ళు దిగే నేల సుమారు 740 చదరపు కిలోమీటర్లు, హిమాయత్‌సాగర్‌కి సుమారు 1,300. ఆ నేలా, ఆ వాగులూ, ఆ చిన్న చెరువులూ బాగుంటేనే కింద కట్టిన పెద్ద చెరువుకి అర్థం. అందుకే 1996 మార్చిలో ప్రభుత్వం జి.వో. 111 తెచ్చింది. ఈ రెండు జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో, ఫ్యాక్టరీలూ, పెద్ద హోటళ్ళూ, పెద్ద పెద్ద కాలనీలూ కట్టకూడదన్నారు. ఆ పరిధిలో ఒక నూనెల ఫ్యాక్టరీ పెట్టే వ్యవహారం సుప్రీంకోర్టుదాకా వెళ్ళింది. లక్షలమంది తాగే నీళ్ళతో ఆటలు కుదరవని 2000లో కోర్టు దానికి ఒప్పుకోలేదు. తర్వాత 2022 ఏప్రిల్‌లో, నగరానికి ఇప్పుడు వేరే చోట్లనుంచి నీళ్ళొస్తున్నాయంటూ, జి.వో. 69తో ఆ ఆంక్షలు ఎత్తేశారు.

ఇక్కడ మనం ఒక మాట నిజాయితీగా ఒప్పుకోవాలి. ఆ 84 గ్రామాల్లో ఉన్నదీ మనలాంటి ఇల్లాళ్ళే. "పక్క ఊళ్ళో ఎకరం కోట్లు పలుకుతుంటే మా పొలం అమ్ముకుందామంటే కొనేవాడు లేడు, పిల్ల పెళ్ళి ఎట్లా చేసేది? మీరు తాగే నీళ్ళకి మేము కట్టుబడి ఉండాలా?" అని వాళ్ళడిగితే, మన దగ్గర జవాబేముంది? పాతికేళ్ళకి పైగా వాళ్ళు ఆ బరువు మోశారు, మనం హాయిగా నీళ్ళు తాగాం. వాళ్ళకి ఏదో ఒక రూపంలో దాని ఫలితం ముట్టాలనడం న్యాయమే. నా మట్టుకు నాకు తోచేదేమిటంటే, ఆ న్యాయం వాళ్ళకి చేయాలి గానీ, చెరువుని బలిచ్చి చేయకూడదు. నేలంతా సిమెంటయిపోతే వాన నీరు ఇంకదు, అంతా ఒక్కసారిగా చెరువు మీద పడుతుంది. అప్పుడు పాడయ్యేది తాగే నీళ్ళొకటే కాదు. వరదని ఆపే పని కూడా కష్టమవుతుంది. కృష్ణా గోదావరీ నీళ్ళిస్తాయి గానీ, మూసీకి వచ్చే వరదని ఆపవు గదా!

వరద పాతకథ అనుకోవడానికి లేదు. 2020 అక్టోబరులో హిమాయత్‌సాగర్ గేట్లెత్తారు, దిగువన ఎన్ని ఇళ్ళు మునిగాయో చూశాం. 2025 సెప్టెంబరు నెలాఖరులో రెండు జలాశయాల నీళ్ళూ వదిలితే మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి కూడా మూసీ వచ్చింది. పండక్కి ఊళ్ళకి బయల్దేరిన ఆడవాళ్ళూ పిల్లలూ అక్కడ చిక్కుకుపోయారు. అది కూడా సెప్టెంబరు చివరి వారమే చూడండి. ఏళ్ళ తరబడి నది ఎండి ఉందని దాని ఒడిలో ఇళ్ళు కట్టుకున్నాం. నది తన దారి మర్చిపోలేదు.

ఇవన్నీ విని, ఇంట్లో ఉండే మనమేం చేయగలం అంటారా? ఈసారి పిల్లలతో గండిపేట పార్కుకి పిక్నిక్‌కి వెళ్ళినప్పుడు, పులిహోర పొట్లాలు విప్పేముందు వాళ్ళని కట్టమీదికి తీసుకెళ్ళి నీళ్ళకి అవతలివైపు చూపించండి. "ఈ నీళ్ళు అదిగో, ఆ నేలమీదనుంచి వస్తాయిరా" అని చెప్పండి. పేపర్లో మట్టం ఎంతుందో వాళ్ళచేత చదివించండి. పొట్లాల కాగితాలు, ప్లాస్టిక్ సంచులు తిరిగి ఇంటికి తెచ్చుకోండి. ఊరి శివారులో చవగ్గా స్థలం వస్తోందని మీవారు ముచ్చటపడితే, "అది చెరువు శిఖమా, వాగు దారా, ముందు కనుక్కోండి" అని ఒక్క మాట అడగండి. ఇంటి డబ్బు విషయంలో మన మాటకి విలువుంటుంది. ఆ ఒక్క ప్రశ్న ప్రతి ఇంట్లోనూ అడిగితే చాలు, ఎన్నో చెరువులు బతుకుతాయి.

నేను తెలుసుకున్నదంతా మా వదినగారికి చెప్పాను. పాలగిన్నె సంగతి చెప్పగానే ఆవిడ నవ్వేసి, "అయితే గేట్లెత్తినందుకు తిట్టకూడదంటారు" అన్నారు. కాసేపు ఊరుకుని, "ఆ చింతచెట్టు ఇంకా ఉందా అండీ? ఓసారి వెళ్ళి చూసొద్దాం" అన్నారు. వచ్చే సెప్టెంబరు 28న ఇద్దరం వెళదామనుకున్నాం. వీలుంటే మీరూ రండి.